ఇచ్చినట్టు నమోదైంది

ఆపరేషన్‌కు ఇంకా పన్నెండు రోజులుందనగా కాజాలక్కను ఆసుపత్రి రెండో అంతస్తులో చివరి గదికి పంపారు. అప్పటికి ఆమె చేతుల మీద సూది గుచ్చని చోటు లేదు. రక్తం, మూత్రం, గుండె, ఊపిరితిత్తులు, పొట్ట స్కానింగు అన్నీ అయ్యాయి. మనసు నిబ్బరంగా ఉందో లేదో చూసే డాక్టరమ్మ కూడా గంటసేపు కూర్చోబెట్టి అడగాల్సినవన్నీ అడిగేసింది. ఇక మిగిలింది గుర్తింపు కార్డు సరిచూడటమే. రెండు నిమిషాల పని, సంతకం పెట్టి ఇంటికెళ్లి పడుకోండి అని కోఆర్డినేటర్ నర్సు భుజం తట్టి పంపింది.

కంప్యూటరు ముందున్న గుమాస్తా కార్డు తీసుకుని నంబరు కొట్టాడు. తెర చూశాడు. చెరిపి, ఈసారి ఒక్కో అంకె పైకి చదువుతూ మళ్లీ కొట్టాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"మీరు నాలుగేళ్ల కిందటే ఒక కిడ్నీ ఇచ్చేశారు కదమ్మా. ఉన్న ఒక్కటీ ఎలా తీస్తారు?"

కాజాలక్కకు ముందు నవ్వొచ్చింది. ఇంకెవరిదో చూసి చెబుతున్నాడనుకుంది. అతను తెర ఆమె వైపు తిప్పాడు. ఆమె పేరే. ఆమె పుట్టిన తేదీయే. ఆమె నంబరే. దాని కింద ఎర్రక్షరాల్లో, ఎడమ మూత్రపిండం ఇచ్చినట్టు నమోదైంది అని ఉంది. పక్కన ఆపరేషన్ తేదీ, బస్సులో ఆరుగంటల దూరంలో ఉన్న వేరే నగరంలోని ఒక ఆసుపత్రి పేరు. ఆ నగరంలో ఆమె పుట్టి బుద్ధెరిగాక అడుగు పెట్టలేదు. అయినా ఆమె చెయ్యి తనకు తెలియకుండానే ఎడమ నడుం మీదికి పోయింది, ఉందో లేదో చూసుకోవడానికన్నట్టు.

ఆ తెర మీద ఉన్న పేరును బయట ఎవరూ వాడరు. ఇరవై రెండేళ్లుగా ఒకే కుట్టు దుకాణంలో చొక్కాలకు కాజాలు తీసి బొత్తాలు కుడుతోంది కాబట్టి అందరికీ కాజాలక్కే. కాజా వదులైతే బొత్తాం నిలవదు, బిగువైతే పట్టదు. ఆమె తీసిన కాజాను దుకాణం మాస్టారు వెలుతురుకు ఎత్తి చూడటం మానేసి చాలా ఏళ్లయింది. పెళ్లి చేసుకోలేదు. తల్లి పోయేనాటికి ఆమెకు పదిహేడు, తమ్ముడికి తొమ్మిది. తండ్రి అంతకుముందే లేడు. వాణ్ని పెంచి, పని నేర్పించి, పెళ్లి చేసి, మరదల్ని ఇంటికి తెచ్చుకునేసరికి తన సంగతి చూసుకునే వయసు దాటిపోయింది. దానికి ఆమె ఎప్పుడూ బాధపడినట్టు కనిపించలేదు.

తమ్ముడు లిఫ్టు మెకానిక్కు. నిరుడు కాళ్లు వాచి, మొహం ఉబ్బి ఆసుపత్రికొస్తే రెండు కిడ్నీలూ చేతులెత్తేశాయన్నారు. అప్పటినుంచి వారానికి మూడుసార్లు డయాలసిస్. "ఇన్నాళ్లూ జనాన్ని పైకి పంపాను, ఇప్పుడు నన్ను పంపేట్టున్నారే అక్కా" అని వాడు నవ్వించబోతే మరదలు ఆ గదిలోంచి లేచి వెళ్లిపోయింది. మరదలి రక్తం కలవలేదు. కాజాలక్కది కలిసింది. కలవడమంటే అలా ఇలా కాదు, అక్షరం పొల్లుపోకుండా సరిపోయిందన్నారు డాక్టర్లు. తమ్ముడి చేతిలో రక్తనాళం మూసుకుపోయి ఇప్పుడు మెడలో గొట్టం పెట్టి డయాలసిస్ చేస్తున్నారు. ఆ గొట్టానికి ఎప్పుడైనా చీము పట్టొచ్చు, పట్టిందంటే ఆపరేషన్ మాట మరిచిపోవాల్సిందేనని కూడా అన్నారు. అందుకే పన్నెండు రోజులు.

మర్నాడు పొద్దున్నే ఆమె గుర్తింపు కార్యాలయానికి వెళ్లింది. వరసలో మూడు గంటలు నిలబడ్డాక కిటికీ అవతలి అమ్మాయి వేలు పెట్టమంది. యంత్రం ఎర్రగా మెరిసింది. వేరే వేలు, మళ్లీ ఎరుపు. చేతులు కడుక్కుని రమ్మంది. కడుక్కుని, చీరకు తుడుచుకుని పదివేళ్లూ పెట్టింది. ఒక్కటీ పట్టలేదు. ఇరవై రెండేళ్ల సూదిపోట్లకు, దారం రాపిడికి వేలికొసలు కాయలు కాసి నున్నగా అయిపోయాయి. సరే, ఫోన్‌కు ఓటీపీ వస్తుంది చెప్పండి అంది అమ్మాయి. కాజాలక్క ఫోన్ పట్టుకుని నిలబడింది. ఏమీ రాలేదు. నంబరుకు జతచేసి ఉన్న ఫోన్ చివరి అంకెలు ఆమెవి కావు. నాలుగేళ్ల కిందట ఎవరో మార్చుకున్నారు.

అప్పుడు గుర్తొచ్చింది. నాలుగున్నరేళ్ల కిందట పెద్ద బట్టల ఫ్యాక్టరీలో పని ఇప్పిస్తానని ఒకాయన వీధిలో పదిమంది ఆడవాళ్ల దగ్గర కార్డు జిరాక్సులు తీసుకున్నాడు. కాగితం మీద సంతకాలు పెట్టించుకున్నాడు, ఏదో యంత్రం మీద వేళ్లు కూడా పెట్టించుకున్నాడు. అప్పటికింకా ఆమె వేళ్లు కొంచెమైనా పట్టేవి. పని రాలేదు, ఆయనా రాలేదు. అందరూ నాలుగు రోజులు తిట్టుకుని మరిచిపోయారు.

ఫిర్యాదు తీసుకుంటాం గాని విచారణకు మూడు నెలలు పడుతుందన్నారు. కంటిపాప చూసే యంత్రం ప్రధాన కార్యాలయంలోనే ఉందట, దానికి నలభై రోజుల తర్వాత తేదీ ఇచ్చారు. అక్కడి పెద్దాయన కాళ్లు పట్టుకోబోతే ఆయన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. కోపంతో కాదు, ఇలాంటివాళ్లను రోజుకు ఎందరినో చూసిన అలసటతో.

దారి చూపించింది కోఆర్డినేటర్ నర్సే. అవయవం ఇచ్చిన ప్రతి మనిషికీ కణజాల పరీక్ష చేస్తారు, అన్నదమ్ములకు కూడా అచ్చంగా కలవడం అరుదు, పరాయివాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదని చెప్పింది. ఆ పాత ఆసుపత్రి ఫైల్లో ఆ పరీక్ష కాగితం ఉండి తీరాలి. దాన్ని తెచ్చి కాజాలక్క పరీక్ష పక్కన పెడితే ఇద్దరూ వేర్వేరు మనుషులని పసిపిల్లకైనా తెలుస్తుంది. మేమడిగితే ఉత్తరాలూ ప్రత్యుత్తరాలూ అయ్యేసరికి పుణ్యకాలం గడిచిపోతుంది, మీరే పోయి తెచ్చుకోండంది.

ఆరుగంటలు బస్సులో వెళ్లింది. రికార్డుల గది ఆ ఆసుపత్రి నేలకింది అంతస్తులో, మురుగు గొట్టాల పక్కన ఉంది. అక్కడి ఉద్యోగి రిటైరు కావడానికి దగ్గర్లో ఉన్న మనిషి. రూలు ఒక్క ముక్కలో చెప్పాడు. ఎవరి ఫైలు వాళ్లకే ఇస్తారు. కార్డు చూపించి, ఈ కాగితం మీద సంతకం పెట్టాలి.

కాగితంలో ఇలా ఉంది: పై తేదీన ఈ ఆసుపత్రిలో మూత్రపిండం దానం చేసిన వ్యక్తిని నేనే. నా ఫైలు నాకు ముట్టింది.

కాజాలక్క పెన్ను పట్టుకుని అలాగే నిలబడిపోయింది. సంతకం పెడితే తాను ఇచ్చినట్టు ఒప్పుకున్నట్టే. పెట్టకపోతే ఇవ్వలేదని రుజువు చేసే కాగితం చేతికి రాదు. జరిగిందంతా ఆ పెద్దాయనకు చెబుదామా అనుకుంది. చెబితే ఆయన పైవాళ్లకు ఫోన్ చేస్తాడు, వాళ్లు ఫైలుకు తాళం వేస్తారు. సంతకం పెట్టేసింది.

ఆయన లోపలికి వెళ్లి ఫైలు తెచ్చి విప్పాడు. మొదటి పేజీలో ఫోటో ఉంది. పేరు కాజాలక్కది, మొహం కాదు. సన్నటి మనిషి, ఎముకలు తేలిన దవడలు, ఇంకా ముప్పై నిండనట్టున్న కళ్లు. ఆయన ఫోటో చూశాడు. కాజాలక్కను చూశాడు. కింద పాత సంతకం, పైన కొత్త సంతకం చూశాడు.

"తమ్ముడి కోసమండీ" అంది.

ఆయన చాలాసేపు ఫైలు మూసి పట్టుకున్నాడు. తర్వాత దాన్ని బల్లమీద ఆమె వైపు జరిపాడు. "నాలుగేళ్లలో మనుషులు బాగా మారిపోతారు లెండి" అని రిజిస్టరులో రాసుకోవడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత మళ్లీ తలెత్తలేదు.

అవయవదానాలకు అనుమతిచ్చే ఆసుపత్రి కమిటీ ఎదుట కాజాలక్క రెండు పరీక్షల కాగితాలూ పక్కపక్కన పెట్టింది. పొట్ట స్కానింగు కూడా పెట్టింది, రెండు కిడ్నీలూ తెల్లగా కనిపిస్తున్నాయి. ఐదుగురున్నారు. మధ్యలో కూర్చున్న పెద్ద డాక్టరు కాగితాలన్నీ నిదానంగా చదివాడు. చెడ్డవాడు కాదు. కానీ ఆయన ప్రశ్న వేరే ఉంది.

"ఇద్దరు మనుషులున్నారని తేలిందమ్మా, ఒప్పుకుంటాను. కానీ ఆ నంబరు అసలు మనిషి మీరేనని ఎలా తెలియాలి? ఆవిడే అసలు మనిషి కావచ్చు. కిడ్నీ ఇచ్చి ఇంట్లో కూర్చుని ఉండొచ్చు. ఆవిడ పేరు తొడుక్కుని వచ్చింది మీరే కావచ్చు కదా."

కార్డు మీద నా ఫోటో ఉంది కదా అని ఆమె అంది. ఆ ఫైల్లో ఉన్న కార్డు మీద ఆవిడ ఫోటో ఉందన్నాడాయన. వేలిముద్ర మీకు పట్టలేదు, ఫోన్ మీది కాదు, పైగా ఆ ఆపరేషన్ చేయించుకుంది నేనేనని మొన్ననే సంతకం పెట్టి వచ్చారు. ఇలాంటి చోట పొరపాటు చేస్తే మేం ఒక అమ్ముడుపోయిన మనిషిని కోసినవాళ్లమవుతాం అన్నాడు.

తమ్ముడు చక్రాల కుర్చీలో కూర్చుని అంతా విన్నాడు. ఈవిడ నన్ను పెంచింది సార్ అన్నాడు. ఆ మాట వాళ్లు రాసుకున్నారు గాని ఏ గడిలో రాయాలో వాళ్లకూ తెలిసినట్టు లేదు. ఇంకో ఆరు రోజులకు కమిటీ మళ్లీ కూర్చుంటుంది, ఆలోపు గట్టి ఆధారం తెమ్మన్నారు.

బయటికొచ్చాక వరండాలో గోడకు ఆనుకుని ఆమె తన పేరు తానే లోలోపల రెండుసార్లు అనుకుంది. పరాయిపేరులా వినిపించింది. ఇరుగుపొరుగు చెబుతారు, మాస్టారు చెబుతాడు, కానీ వాళ్లందరికీ తెలిసింది కాజాలక్కను. తన నంబరు ఎవరికీ తెలియదు. తనను తాను చూపించుకోవడానికి తన దగ్గర తాను తప్ప ఏమీ లేదు. వదినా, ఇంటికి పోదాం రా అని మరదలు చెయ్యి పట్టుకుంటే, పిలిచింది తననేనా అన్నట్టు తలెత్తింది.

ఆ ఫైలును ఇంట్లో పేజీ పేజీ తిప్పింది. చిరునామా కాజాలక్క ఇంటిదే రాసుంది. చివర్లో మాత్రం ఒక చిన్న మందుల చీటీ పిన్ను కొట్టి ఉంది. ఆపరేషన్ అయిన నెలకు కుట్లు చీము పట్టి ఆ మనిషి వేరే చిన్న క్లినిక్కుకు వెళ్లింది, ఆ డాక్టరు పెద్దాసుపత్రికి రాసిన చీటీ అది. కాజాలక్క మళ్లీ బస్సెక్కింది. క్లినిక్కులో కాంపౌండరు ఫోటో చూడగానే గుర్తుపట్టాడు. ఇస్త్రీ ఆమె కదా, పక్క సందులో లాండ్రీలో ఉంటుందన్నాడు.

లాండ్రీ లోపల ఆవిరికి ఊపిరాడటం లేదు. ఆమె నిలబడి ఆసుపత్రి దుప్పట్లు ఇస్త్రీ చేస్తోంది. కాసేపు చేసి, ఎడమచేత్తో నడుం పట్టుకుని, మళ్లీ చేస్తోంది. కాజాలక్క దారంతా ఎన్నో మాటలు కూడబెట్టుకుంది. ఎదురుగా నిలబడేసరికి ఒక్కటే మిగిలింది. తన పేరు చెప్పింది.

ఇస్త్రీపెట్టె దుప్పటి మీదే ఆగిపోయింది. మాడు వాసన వచ్చాక గాని ఆమె దాన్ని ఎత్తలేదు.

"ఆ పేరు మీదా?" అంది.

ఆమె ఏదీ దాచలేదు. అప్పటికి ఆమెకు అసలు కార్డే లేదు. కార్డు లేనివాళ్లకు ఇల్లూ ఇవ్వరు, పనీ ఇవ్వరు. మొగుడు వదిలేసి పోయాడు, చంకలో పిల్ల. ఒకాయన వచ్చి నీకు కార్డూ ఇప్పిస్తా, ఉండటానికి గదీ చూపిస్తా, ఒక్క పని చెయ్యమన్నాడు. అతనిచ్చిన కార్డు మీద ఆమె ఫోటో ఉంది, పేరు వేరే ఉంది. మనుషులు చచ్చిపోయాక వాళ్ల కార్డులు ఇలా వాడతారని చెప్పాడట.

"చచ్చిపోయినావిడ పేరే కదా అనుకున్నాను. మూడు వారాలు ఆ పేరుకు పలికాను. మత్తు దిగేటప్పుడు కూడా ఆ పేరుతోనే పిలిచారు. పలక్కపోతే దొరికిపోతానని, నొప్పిలోనూ పలికాను."

కాజాలక్క తమ్ముడి సంగతి చెప్పింది. వచ్చి కమిటీకి ఒక్క మాట చెప్పమంది. ఆమె తల అడ్డంగా ఊపింది. వస్తే జైలు. నువ్వు రాకపోతే ఇప్పుడే పోలీసులకు పట్టిస్తానంది కాజాలక్క. తన గొంతు అంత కర్కశంగా ఉంటుందని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

"పట్టించండక్కా. పాప బడి నుంచి నాలుగింటికి వస్తుంది, అప్పటిదాకా ఆగండి."

బెదిరింపు లేదు, బతిమాలడమూ లేదు. కాజాలక్క అక్కడే దుప్పట్ల మూట మీద కూలబడింది. ఇస్త్రీ ఆమె ఒక గ్లాసు నీళ్లు తెచ్చి ఇచ్చి, తమ్ముడి వయసెంత అని అడిగింది. లేచేముందు కాజాలక్క ఆసుపత్రి పేరు, తేదీ, సమయం ఒక కాగితం మీద రాసి బల్లమీద పెట్టింది. ఆమె తీసుకోలేదు, తోసేయనూ లేదు.

తర్వాతి నాలుగు రోజులూ ఎలా గడిచాయో కాజాలక్క ఇప్పటికీ సరిగ్గా చెప్పలేదు. మూడో రోజు తమ్ముడికి సన్నగా జ్వరం తగిలింది. గొట్టం మార్చారు. మందులు ఎక్కించారు. ఇలాగే పెరిగితే చెయ్యగలిగిందేమీ లేదని డాక్టరు మరదలికి చెప్పాడు. ఆమె వచ్చి వదినకు చెప్పలేక నీళ్లు నమిలింది.

కమిటీ రోజు పదింటికి పిలిచారు. కాజాలక్క మాస్టారు రాసిచ్చిన ఉత్తరం, పాత రేషను కాగితం, తల్లితో దిగిన ఫోటో చూపించింది. పెద్ద డాక్టరు అన్నీ చూసి పక్కన పెట్టాడు. పదకొండు దాటింది. ఇక తర్వాతి కేసు పిలవండి అంటుండగా తలుపు దగ్గర నర్సు గొంతు వినిపించింది. ఇస్త్రీ ఆమె వచ్చింది. ఆరేళ్ల కూతురు వేలు పట్టుకుని ఉంది. బస్సు దారిలో చెడిపోయిందని ముందు దానికి క్షమాపణ చెప్పింది.

తర్వాత పాపను బయట కూర్చోబెట్టి లోపలికొచ్చి, తన సొంత కార్డు బల్లమీద పెట్టింది. రెండేళ్ల కిందట తీసుకున్నది. వేలు పెట్టింది, యంత్రానికి వెంటనే పట్టింది. నడుం మీది గాటు ఒక డాక్టరమ్మకు చూపించింది. కార్డు ఎవరిచ్చారో, ఎలా ఇచ్చారో, ఏ పేరుకు పలికిందో చెప్పింది. రక్తం తీసి పరీక్షకు పంపారు. ఆ పరీక్ష పాత ఫైలుతో కలుస్తుందని ఆ గదిలో ఎవరికీ అనుమానం లేకపోయింది.

పెద్ద డాక్టరు కాగితం మీద సంతకం పెట్టాడు. మీకు అనుమతి ఇస్తున్నామని కాజాలక్కతో అన్నాడు. పోలీసులకు చెప్పక తప్పదని ఇస్త్రీ ఆమెతో అన్నాడు. ఆమె తలూపింది, తెలుసన్నట్టు. వాళ్లొచ్చేలోపు కాజాలక్క దగ్గరికొచ్చి పాపకు పాలు పడవని చెప్పింది.

పాపను మరదలు ఇంటికి తీసుకెళ్లింది. జ్వరం దిగడానికి ఐదు రోజులు పట్టింది. ఆరో రోజు అక్కనూ తమ్ముణ్నీ పక్కపక్క గదుల్లోకి తీసుకెళ్లారు. మత్తు సూది వేసేముందు నర్సు కార్డు మీదున్న పేరు పెట్టి పిలిచింది. కాజాలక్క వెంటనే పలకలేకపోయింది. రెండోసారికి ఊఁ అంది. ఆ పేరుకు ఇంకో ఆడమనిషి ఇలాగే పలికి ఉంటుందన్న ఆలోచనతోనే కళ్లు మూతపడ్డాయి.

కిడ్నీ ఆ సాయంత్రానికే పని మొదలుపెట్టింది. తమ్ముడు ఇప్పుడు లిఫ్టుల పనికి వెళ్తున్నాడు, బరువులు మాత్రం ఎత్తడం లేదు.

ఇస్త్రీ ఆమెను ఎనిమిది రోజులు జైల్లో ఉంచి పంపారు. కేసు పదకొండు నెలలు నడిచింది. కాజాలక్క కుట్లు మానకముందు నుంచే స్టేషనుకూ కోర్టుకూ తిరిగింది. ఈమె నా పేరు దొంగిలించలేదు, దొంగిలించి ఈమెకు తొడిగారని పిలిచిన ప్రతిసారీ అదే మాట చెప్పింది. చివరికి ఆమెను సాక్షిగా రాసుకుని వదిలేశారు. కార్డులు చేసినవాడు మాత్రం దొరకలేదు. లాండ్రీ వాళ్లు ఆమెను మళ్లీ పనిలో పెట్టుకోలేదు. మాస్టారు దుకాణంలో ఇస్త్రీ బల్ల దగ్గర చోటిప్పించింది కాజాలక్కే, ఎత్తు కుర్చీతో సహా.

గుర్తింపు కార్యాలయం నుంచి మాత్రం ఒక జవాబు వచ్చింది. మీరు మూత్రపిండం ఇచ్చినట్టు మీ ఊరి ఆసుపత్రి ధ్రువీకరించింది, రికార్డులో ఉన్నదీ అదే, కాబట్టి సరిదిద్దాల్సింది ఏమీ లేదని ఫిర్యాదు మూసేశారు. ఇస్త్రీ ఆమె రికార్డులో ఏమీ లేదు. రక్తపోటు పెరిగి డాక్టరు దగ్గరికి వెళ్తే, మీకు రెండు కిడ్నీలూ ఉన్నట్టే ఉంది కదా అని తెర చూసి మందులు రాస్తున్నారు. ఉన్న ఒక్కదానికి ఆ మందు పడదని ఆమే కొంగు పక్కకు జరిపి గాటు చూపించి చెప్పుకోవాలి.

అందుకని ఇద్దరూ కలిసి కొత్త దరఖాస్తు పెట్టారు. పాత ఆపరేషన్ తేదీ ఇస్త్రీ ఆమె పేరు కింద, కొత్త తేదీ కాజాలక్క పేరు కింద రాయమని. నెలకోసారి దుకాణానికి సెలవు పెట్టి వెళ్లి, కిటికీ దగ్గర తమ రసీదు చూపించి, ఇంకా కాలేదన్న మాట విని, వరసలో వెనక నిలబడ్డవాళ్లు గొణుగుతుంటే తప్పుకుని వస్తున్నారు.